మధ్య పెడల్ నొక్కితే తడబడే స్వరాలు: ఒక అప్‌రైట్ పియానో కేసు

పియానోలు బాగుచేసే నేను ఈ కేసు రాయడానికి కారణం ఒకే పియానో కోసం మూడుసార్లు వెళ్లాల్సి రావడం, అందులో రెండోసారి వెళ్లింది పూర్తిగా నా తప్పు వల్ల. ఇంటివాళ్ల పేర్లు, అపార్ట్‌మెంట్, పియానో కంపెనీ ఏవీ రాయట్లేదు, ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

సికింద్రాబాద్ వైపు నాలుగో ఫ్లోర్ ఫ్లాట్. జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే పియానో), 121 సెంటీమీటర్ల ఎత్తుది, లోపల సరుకు మంచిదే, తీగలకి తుప్పు లేదు, ఆ తీగల్ని కొట్టే హ్యామర్లు అరిగాయి కానీ ఇంకా చాలా ఏళ్లు పనికొస్తాయి. వాయించేది పదమూడేళ్ల పాప, గ్రేడ్ 5 పరీక్షకి ప్రిపేర్ అవుతోంది. అమ్మానాన్నలు ఇద్దరూ ఉద్యోగాలు, పాపకి స్కూలు, ఆ తర్వాత ట్యూషన్, అన్నీ అయ్యి పియానో ముందు కూర్చునేసరికి రాత్రి తొమ్మిది. కింద ఫ్లాట్ వాళ్లు రెండుసార్లు అసోసియేషన్‌లో కంప్లైంట్ పెట్టారు. అందుకని మధ్య పెడల్ ఎప్పుడూ లాక్ చేసే ఉంటుంది, ఆదివారం పొద్దున కూడా, ఎందుకంటే తీయడం మర్చిపోతారు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. గ్రాండ్ పియానోలో మధ్య పెడల్ పని వేరు, నొక్కేటప్పటికి పట్టుకుని ఉన్న స్వరాల్ని మాత్రమే నిలబెడుతుంది. ఇళ్లల్లో ఉండే అప్‌రైట్‌లో ఎక్కువగా మధ్య పెడల్ అంటే ప్రాక్టీస్ మ్యూట్. హ్యామర్లకి కాస్త పైన అడ్డంగా ఒక రైల్ ఉంటుంది, దానికి కర్టెన్‌లాగా ఫెల్ట్ (పోగులు నొక్కి చేసే మెత్తటి బట్ట) పట్టీ వేలాడుతుంటుంది. పెడల్ నొక్కి ఎడమకి జరిపితే గాడిలో లాక్ అవుతుంది, రైల్ కిందకి దిగుతుంది, ఫెల్ట్ హ్యామర్‌కీ తీగకీ మధ్యలోకి వస్తుంది. అంతే, అందులో బ్రహ్మవిద్యేం లేదు. బ్రహ్మవిద్య లేదనుకోవడం వల్లే నేను బోల్తా పడ్డాను.

ఫోన్‌లో చెప్పింది, ఇంట్లో కనిపించింది

ఫోన్‌లో వాళ్లమ్మ చెప్పింది ఒక్కటే: "మధ్య పెడల్ పాడైపోయిందండీ, కొన్ని కీలకి పని చేస్తోంది, కొన్నిటికి చెయ్యట్లేదు." వెళ్లి పాపని వాయించమన్నాను. పెడల్ లాక్‌లో ఉండగా కుడివైపు చివరి ఒకటిన్నర ఆక్టేవ్, అంటే పద్దెనిమిది కీల దాకా, మామూలు సౌండ్‌తోనే ఖంగుమంటోంది, మిగతాదంతా మెత్తగా ఉంది. ఇది ఎవరికైనా వినపడేదే. ఇంకోటి కూడా కనపడింది కానీ దాన్ని నేను పట్టించుకోలేదు, పాప ప్రతి కీ మీదా చెయ్యెత్తి కొడుతోంది. చిన్నపిల్ల కదా, టీచర్ సరిదిద్దుతారులే అనుకున్నాను. "మా టీచర్ కూడా అదే అంటారంకుల్, చెయ్యి బరువుగా ఉందంటారు" అని పాపే చెప్పింది. ఆ మాట దగ్గర ఆగి ఉంటే ఒక ట్రిప్పు పెట్రోల్ మిగిలేది.

పై మూత ఎత్తి, ముందు ప్యానెల్ రెండు వైపులా క్లిప్పులు తిప్పి తీసేశాను. లాక్ చేసి చూస్తే ఎడమవైపు ఫెల్ట్ హ్యామర్ ముక్కు కంటే బాగా కిందకి దిగింది, కుడివైపు మాత్రం ఫెల్ట్ అంచు హ్యామర్ ముక్కు దగ్గరే ఆగిపోయింది. అక్కడ హ్యామర్ ఫెల్ట్ కిందనుంచి దూరి నేరుగా తీగనే కొడుతోంది. అంటే కుడివైపు ఇంకాస్త దిగాలి. ఇలాంటప్పుడు నూటికి తొంభై సార్లు కారణం కేబుల్ సాగడమో నట్ లూజవడమో అని నా నమ్మకం, ఎందుకంటే రోజూ వాడే పెడల్‌కి అదే జరుగుతుంది. పెడల్ నుంచి పైకొచ్చే కేబుల్ చివర నట్ ఉంది, మూడు చుట్లు బిగించాను. రైల్ మొత్తం ఎనిమిది మిల్లీమీటర్ల దాకా దిగింది, కుడివైపు కూడా మెత్తబడింది. లాక్‌లో పెట్టి 88 కీలూ ఒక్కొక్కటే నొక్కి చూశాను, అన్నీ ఓకే. ప్యానెల్ పెట్టేసి, టీ తాగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఇప్పుడు పెడల్ తీసేసినా ఎడమవైపు సౌండ్ గుడ్డ కప్పినట్టు వస్తోందండీ."

ఏం జరిగిందో ఫోన్ పెట్టేలోపే అర్థమైంది, సిగ్గేసింది కూడా. నట్ బిగిస్తే లాక్ పొజిషన్ ఒక్కటే మారదు, పెడల్ వదిలేసినప్పుడు రైల్ ఆగే చోటు కూడా అంతే కిందకి వస్తుంది. నేను లాక్‌లో 88 కీలు చూశాను, లాక్ తీసి ఒక్క కీ కూడా చూడలేదు. ఎడమవైపు ఫెల్ట్ ముందే పొడుగ్గా ఉంది కాబట్టి అక్కడ దాని అంచు హ్యామర్లకి తగలడం మొదలైంది. సమస్య పోలేదు, కుడినుంచి ఎడమకి ఇల్లు మారింది.

రెండోసారి: అమ్మమ్మ మాట

ఈసారి నట్ వెనక్కి తిప్పి ఎక్కడుందో అక్కడికే తెచ్చేసి మొదలుపెట్టాను. నా లెక్క ఏంటంటే, ఒకే రైల్ మీద ఒక వైపు ఎక్కువ ఒక వైపు తక్కువ అయితే నట్ దానికి మందు కాదు, నట్ రెండు వైపులనీ సమానంగానే దించుతుంది. కాబట్టి రైల్ అన్నా వంకరగా ఉండాలి, ఫెల్ట్ అన్నా వంకరగా ఉండాలి. రైల్ రెండు చివర్ల బ్రాకెట్లు కొలిచాను, తేడా అర మిల్లీమీటర్ కూడా లేదు. ఇంక స్కేల్ పెట్టి ఫెల్ట్ కొలిచాను, మొదటి రోజే చెయ్యాల్సిన పని. ఎడమ చివర రైల్ నుంచి కిందకి 58 మిల్లీమీటర్లు, కుడి చివర 45. పట్టీని ఏటవాలుగా అతికించారు.

నేను కొలుస్తుంటే పక్కన కుర్చీలో కూర్చుని బియ్యం ఏరుతున్న అమ్మమ్మ అంది, "బాబూ, ఆ బట్ట మార్పించినప్పటి సంది గిట్లనే ఉన్నది." ఏ బట్ట అమ్మా అని అడిగితే మొత్తం కథ బయటపడింది. ఏడాదిన్నర కింద పాత ఫెల్ట్‌ని పురుగు తినేసిందట, జల్లెడలా అయిపోయిందట. ట్యూనింగ్‌కి వచ్చిన ఒకాయన్ని మార్చమన్నారు, అప్పటికే కింద వాళ్ల కంప్లైంట్ ఉంది కాబట్టి "కొంచెం మందంది వెయ్యండి" అని అడిగింది కూడా వీళ్లే. ఆయన క్రాఫ్ట్ షాపులో దొరికే ఫెల్ట్ తెచ్చి రబ్బర్ గమ్‌తో అతికించి వెళ్లారు. ఆయన్ని తప్పు పట్టను, అడిగిందే చేశారు. మొదటి రోజు నేను అడిగిన ప్రశ్న "ఎప్పట్నుంచి ఇలా ఉంది", దానికి వాళ్లమ్మ "ఈ మధ్యే" అంది. "ఇంతకుముందు దీని మీద ఎవరైనా చెయ్యి పెట్టారా" అని అడగాలి, అది అడగలేదు.

పట్టీ మందం కొలిచాను, 4 మిల్లీమీటర్లు. గమ్ కింద పాత ఫెల్ట్ ముక్క ఒకటి అంటుకునే ఉండిపోయింది, గోళ్లతో లాగి కొలిస్తే 2 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. అప్పుడు బుర్రలో బల్బు వెలిగింది, పాప చెయ్యెత్తి ఎందుకు కొడుతోందో కూడా అప్పుడే తెలిసింది.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. అప్‌రైట్‌లో హ్యామర్ తీగకి సుమారు 45 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. కీ నొక్కితే జాక్ అనే చిన్న చెక్క ముక్క హ్యామర్‌ని తోసుకుంటూ వెళ్తుంది, కానీ తీగదాకా తొయ్యదు, రెండు మూడు మిల్లీమీటర్ల ముందే పక్కకి తప్పుకుంటుంది. క్యారమ్స్‌లో వేలు స్ట్రైకర్ వెంట కాయిన్ దాకా వెళ్లదు కదా, వదిలేస్తుంది, అలా. అక్కణ్నుంచి హ్యామర్ తన ఊపుతోనే వెళ్లి కొట్టి వెనక్కి పడాలి. ఆ తప్పుకునే దూరాన్నే లెట్-ఆఫ్ అంటాం. ఈ పియానోలో మధ్య ఆక్టేవ్‌లలో లెట్-ఆఫ్ 3 మిల్లీమీటర్లు, కుడి చివర 2. మధ్యలో 4 మిల్లీమీటర్ల ఫెల్ట్ వేలాడుతుంటే ఏమవుతుంది? జాక్ తప్పుకునేలోపే హ్యామర్ ఫెల్ట్‌కి తగిలేస్తుంది. వెనక జాక్ తోస్తోంది, ముందు ఫెల్ట్ అడ్డం, హ్యామర్ మధ్యలో ఇరుక్కుంటుంది.

చూడ్డానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. మధ్య సి కీ మీద వేలు పెట్టి చాలా నెమ్మదిగా నొక్కాను. పెడల్ లేకుండా అయితే హ్యామర్ తీగ దగ్గరదాకా వెళ్లి, వేలికి చిన్న మెట్టు దిగినట్టు తెలిసి, వెనక్కి పడింది. పెడల్ లాక్ చేసి అదే కీ అలాగే నొక్కితే హ్యామర్ వెళ్లి ఫెల్ట్‌కి ఆనుకుని అక్కడే నిలబడిపోయింది, గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డ మనిషిలాగా. వేలికి ఆ మెట్టు తెలియలేదు. గట్టిగా నొక్కితే ఫెల్ట్ అణిగి, అప్పుడు జాక్ తప్పుకుంది. అంటే ఈ పియానో మీద మెల్లగా వాయిస్తే స్వరం చచ్చిపోతుంది, గబగబా ఒకే కీ రెండుసార్లు కొడితే రెండోది పలకదు, బాది వాయిస్తేనే పలుకుతుంది. ఏడాదిన్నరగా రోజూ రాత్రి పాప నేర్చుకున్నది అదే. "అంకుల్, అది నాకు రావట్లేదనుకున్నా" అంది పాప, ఒకే స్వరం వెంటవెంటనే వచ్చే ఒక పీస్ చూపించి.

ఇక్కడ మూడు దారులు

మొదటిది, ఫెల్ట్ ఎలాగూ ఉంది కదా, లెట్-ఆఫ్ నే పెంచెయ్యడం. స్క్రూలు తిప్పుకుంటూ పోతే గంటన్నర పని, 5 మిల్లీమీటర్లకి పెట్టేస్తే మ్యూట్‌లో అన్నీ శుభ్రంగా పలుకుతాయి. నాకూ టెంప్టింగ్‌గానే అనిపించింది, ఎందుకంటే కొత్త ఫెల్ట్ తెప్పించక్కర్లేదు. కానీ జాక్ అంత ముందే వదిలేస్తే మెల్లగా వాయించినప్పుడు హ్యామర్ తీగదాకా వెళ్లే ఊపు చాలదు, పెడల్ తీసి వాయించినప్పుడు ఆ పియానోకి మెత్తదనమే ఉండదు. పరీక్షలో మ్యూట్ వేసుకుని వాయించరు కదా. మ్యూట్ కోసం యాక్షన్‌ని, అంటే కీ నుంచి హ్యామర్ దాకా ఉండే యంత్రాంగాన్ని, పాడుచెయ్యడం తలనొప్పికి తల మార్చుకోవడం లాంటిది. యమహా 1993లో తెచ్చిన సైలెంట్ పియానోల గురించి వాళ్ల నాన్న అడిగారు, వాటిలో హ్యామర్‌ని తీగకి ముందే ఒక అడ్డం ఆపేస్తుంది, సౌండ్ హెడ్‌ఫోన్‌లో వస్తుంది. అలాంటి కిట్ దీనికీ పెట్టించొచ్చు, కానీ అక్కడా హ్యామర్ ఆ అడ్డానికి తగలకముందే జాక్ తప్పుకోవాలి కాబట్టి మళ్లీ లెట్-ఆఫ్‌తోనే పేచీ, పైగా ఖర్చు. వద్దన్నాను.

రెండోది, ఉన్న ఫెల్ట్‌నే పలచన చెయ్యడం. ఇది చేసి చూశాను, ఫెయిలైంది. హ్యామర్ తగిలే చోట ఒక రెండు అంగుళాల మేర బ్లేడుతో పొర తీశాను. ఊలు ఫెల్ట్ అయితే పొరలు పొరలుగా వస్తుంది, ఇది సింథటిక్, పోగులు లేచి దూదిపింజెల్లా ఊడిపోయి హ్యామర్ల మధ్య, తీగల మోతని ఆపే డాంపర్ల మీద పడ్డాయి. ఆ రెండు అంగుళాలకి అరగంట చిన్న బ్రష్‌తో ఏరుకున్నాను, అమ్మమ్మ బియ్యం ఏరడం ఈలోగా అయిపోయింది.

మూడోది, సరైన ఊలు ఫెల్ట్ తెప్పించి మళ్లీ వెయ్యడం. దీనికి వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "పలచన చేస్తే సౌండ్ పెరుగుతుంది, కింద వాళ్లు ఊరుకోరండీ." న్యాయమైన భయమే. అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది, 4 మిల్లీమీటర్లు వేసినా కంప్లైంట్ ఆగలేదు కదా, మరి వాళ్లకి వినిపిస్తున్నదేంటి? పాపని పైన వాయించమని చెప్పి, వాళ్లమ్మతో కలిసి కిందకి వెళ్లాను. కిందాయన రిటైరైన పెద్దమనిషి, మేం గొడవకి వచ్చామనుకుని ముందు కంగారుపడ్డారు. హాల్లో నిలబడి విన్నాం. పాట ఎక్కడో రేడియోలో వచ్చినట్టు సన్నగా ఉంది. దాని మీద ధబ్, ధబ్, ధబ్ అని సీలింగ్‌లోంచి. "పాట బానే ఉంటుందండీ, మా ఆవిడకి ఇష్టం కూడా. రాత్రిపూట ఈ దంచుడే భరించలేం" అన్నారాయన.

ఆ ధబ్ తీగలది కాదు. కుడి పెడల్ వదిలినప్పుడల్లా పైకొచ్చి కొట్టుకునే చప్పుడు కొంత, పాప బాదినప్పుడు కీలు అడుగుకి తగిలే చప్పుడు కొంత, రెండూ పియానో చక్రాల గుండా నేరుగా స్లాబ్‌లోకి దిగుతున్నాయి. అప్‌రైట్ అంటే 200 కిలోల పైనే, నాలుగు చిన్న ఇత్తడి చక్రాల మీద గచ్చు మీదే నిలబడి ఉంది. ఫెల్ట్ మందం ఎంత పెంచితే అంత బాదాలి, ఎంత బాదితే కింద అంత ధబ్. కింద వాళ్ల కోసం వేసిన మందమే కింద వాళ్ల నిద్ర చెడగొడుతోంది. వాళ్లమ్మ మెట్లెక్కుతూ ఏం మాట్లాడలేదు, పైకొచ్చాక "సరే, పలచంది వెయ్యండి" అంది.

మూడోసారి

ఊలు ఫెల్ట్ రావడానికి రెండు వారాలు పట్టింది. అప్పటిదాకా ఉన్న పట్టీని పైకి మడిచి కట్టేసి, ప్రాక్టీస్ ఏడు లోపు చేసుకోమన్నాను, ట్యూషన్ టైమ్ జరుపుకున్నారు.

రెండు మందాలు తెప్పించాను, 2 మిల్లీమీటర్లది ఎడమకీ మధ్యకీ, ఒకటిన్నరది కుడివైపుకి. అన్నిటికీ 2 వేస్తే పని సులువు, కానీ కుడి చివర హ్యామర్లు చిన్నవి, లెట్-ఆఫ్ అక్కడ 2 మాత్రమే, మళ్లీ ఇరుక్కుంటాయి. ఫెల్ట్ నలిగి కొంత అణుగుతుంది కాబట్టి సరిగ్గా సమానమైనా ఎలాగోలా నడుస్తుంది అనేవాళ్లున్నారు, నేను మాత్రం లెట్-ఆఫ్ కంటే అర మిల్లీమీటర్ అయినా తక్కువ ఉండాలంటాను. రైల్ ఊడదీసి బాల్కనీలో కూర్చుని పాత గమ్ గీకడానికే గంట పట్టింది. చెక్క మీద స్కేల్‌తో పెన్సిల్ గీత గీసి, ఫెల్ట్ పై అంచు మాత్రమే ఆ గీతకి అతికించాను, కిందంతా వదులుగా వేలాడాలి. ఒకే పొడుగు పట్టీ వెయ్యలేదు, ఇనుప ఫ్రేమ్ స్తంభాలు వచ్చే చోట కోసి వేరువేరు ముక్కలుగా వేశాను, లేకపోతే ఫెల్ట్ అక్కడ తట్టుకుని పక్కన కీల దగ్గర ముడతపడుతుంది.

ఇక అడ్జస్ట్‌మెంట్. ఈసారి రివర్స్‌లో మొదలుపెట్టాను. ముందు పెడల్ వదిలేసి, రైల్ పూర్తిగా పైకెళ్లిందా, ఫెల్ట్ అంచుకీ హ్యామర్ దారికీ మధ్య కనీసం ఒక సెంటీమీటర్ ఖాళీ ఉందా చూశాను. అది అయ్యాకే లాక్ చేసి, అంచు హ్యామర్ ముక్కు కంటే సెంటీమీటర్ పైగా కిందకి దిగిందా చూశాను. ఎడమ 13, కుడి 12 మిల్లీమీటర్లు వచ్చింది. తర్వాత కేబుల్‌లో కాస్త వదులు ఉంచాను, పెడల్ రెండు మూడు మిల్లీమీటర్లు ఊరికే కదిలాకే రైల్ కదలాలి, అసలు వదులు లేకపోతే రైల్ ఎప్పుడూ సగం దిగే ఉంటుంది, నా మొదటి రోజు ఘనకార్యం అదే కదా. చివరగా రెండు పొజిషన్లలోనూ 88 కీలు, ఒకసారి నెమ్మదిగా నొక్కి హ్యామర్ వెనక్కి పడుతోందా అని, ఒకసారి గబగబా. కుడి చివర మూడు కీలు ఇంకా ఆనుకున్నాయి, చూస్తే వాటికి లెట్-ఆఫ్ ఒకటిన్నరే ఉంది, పక్కవాటితో సమానంగా 2కి తెచ్చాను. అది మ్యూట్ కోసం చేసింది కాదు, మామూలుగానే చెయ్యాల్సింది.

ధబ్ సంగతి: కింద ప్యానెల్ తీస్తే కుడి పెడల్ ఆగే చోట కుషన్ ఫెల్ట్ రాయిలా గట్టిపడింది, మార్చాను. చక్రాల కింద రబ్బరు కప్పులు, వాటి కింద మందపాటి రబ్బరు షీట్ వేయించాను. నలుగురం కలిసి పియానో ఎత్తాం, వాచ్‌మన్ కూడా వచ్చాడు.

పలచటి ఫెల్ట్‌తో గదిలో సౌండ్ ముందుకంటే పెరిగింది, అబద్ధం చెప్పను. కానీ కిందకి వెళ్లి వింటే ధబ్ చాలావరకు తగ్గింది, పాట మాత్రం అంతే సన్నగా ఉంది.

పాప చెయ్యి మాత్రం ఒక్కరోజులో తగ్గలేదు. మ్యూట్ మీదే ఎప్పుడూ వాయిస్తే ఫెల్ట్ ఎంత సరైనదైనా చెవికి చిన్నా పెద్దా తేడా తెలియదు, అందుకని రోజూ ఒక పావుగంటైనా పెడల్ తీసి వాయించమన్నాను. మూడు నెలలకి ట్యూనింగ్‌కి వెళ్లినప్పుడు విన్నాను, ఆ పీస్‌లో వెంటవెంటనే వచ్చే స్వరాలు పలుకుతున్నాయి. మెల్లగా కూడా.

ఇప్పుడు ఎవరైనా మధ్య పెడల్ పాడైందని ఫోన్ చేస్తే ముందు అడిగేది ఫెల్ట్ ఎప్పుడైనా మార్చారా అని, రెండోది ఎవరి కోసం మ్యూట్ వాడుతున్నారు, వాళ్లకి వినిపిస్తున్నది ఏ చప్పుడు అని. రెండో ప్రశ్నకి చాలామంది ఫోన్‌లోనే తడుముకుంటారు, కిందకి వెళ్లి విన్నవాళ్లు ఉండరు. బ్యాగులో ఇప్పుడు మందం కొలిచే గేజ్ పర్మనెంట్‌గా ఉంటోంది.

పురుగు గురించి అమ్మమ్మ వేపాకు పెట్టనా అని అడిగింది. కింద అరలో గుడ్డలో కట్టి పెట్టుకోమన్నాను, హ్యామర్ల మీద మాత్రం వద్దన్నాను. నిజానికి ఈ పురుగుకి చీకటి, కదలిక లేని చోటు ఇష్టం, నెలకోసారి మూత తీసి వెలుతురు తగలనిస్తే, దుమ్ము వాక్యూమ్‌తో లాగితే సగం పని అయినట్టే. మూడు నెలల తర్వాత చూసినప్పుడు పురుగు జాడ లేదు, మధ్య రెండు ఆక్టేవ్‌లలో మాత్రం ఫెల్ట్ మీద తీగల గాట్లు అప్పుడే పడటం మొదలయ్యాయి, అది ఆ వాడకానికి మామూలే. ఎప్పుడో ఒకప్పుడు ఇంకెవరో ఆ రైల్ విప్పుతారు కాబట్టి వెనక వైపు పెన్సిల్‌తో తేదీ, "ఎడమ, మధ్య 2, కుడి 1.5, ఊలు" అని రాసి పెట్టాను.